మందు మీది, పథ్యం నాది

ఆఫీసులో ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పలేక ఇది రాస్తున్నాను. ధవళేశ్వరంలో కాలువల ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. మళ్ళీ డ్యూటీలో చేరాక రోజుకి ఒకరైనా నా టేబుల్ దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, అసలేమైందండి మేడం అని అడుగుతున్నారు. లివర్ అని చెప్పగానే ముఖం ఒకలా పెడతారు. ఆ వెంటనే, సార్‌కి అలవాటుందా అండి అంటారు. సార్ అంటే మా ఆయన. నా లివర్‌కీ ఆయన అలవాట్లకీ ఏంటి సంబంధమో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆడదానికి లివర్ జబ్బు వస్తే అందులో కూడా మొగుడి చెయ్యి ఉండాలి కాబోలు. మా ఇంట్లో ఎవరూ తాగరు. చర్చిలో ప్రభు బల్ల దగ్గర ఇచ్చే చుక్క ద్రాక్షరసం తప్ప నేను ఏమీ ఎరగను.

రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. మేం చేసిన పొరపాటు మా వైపు ఇళ్ళలో ఎవరైనా చేసేదే. ప్రేమ లేనివాళ్ళు అసలు చెయ్యరు దాన్ని. ఇలాంటి మనిషి ఇంట్లో ఉన్నవాళ్ళు చదివితే ఒకళ్ళకైనా తప్పుతుందని ఆశ.

మే

మొదట కాళ్ళు వాచాయి. ఎండలు మండిపోతున్నాయి, పొద్దస్తమానం కుర్చీలో కూర్చునే ఉద్యోగం, వాయక ఏం చేస్తాయి అనుకున్నాను. చెప్పులు పట్టకపోతే పెద్దవి కొనుక్కున్నాను. తర్వాత పొట్ట పెరిగింది. ఒళ్ళు చేశారు మేడం అని ఆఫీసులో అన్నారు. నేను ఎప్పటినుంచో లావే, షుగరు కూడా ఉంది. సాయంత్రం టీ వేళకి ఎవరో ఒకరు కాజాలో జంతికలో పట్టుకురాని రోజు మా సెక్షన్లో ఉండదు. కొన్నేళ్ళ కిందట కడుపునొప్పికి స్కానింగు తీయిస్తే రిపోర్టులో ఫ్యాటీ లివర్ అని వచ్చింది. తీసినాయన, ఇది అందరికీ ఉండేదేనండి అన్నాడు. అందరికీ ఉండేది నాకూ ఉంటే తప్పేంటని మేమూ ఊరుకున్నాం. చాలామందికి ఉండే మాట నిజమే. కొందరిలో అది అక్కడితో ఆగదన్న సంగతి ఆయన చెప్పలేదు, మేం అడగలేదు.

కళ్ళు పచ్చబడ్డాయని కనిపెట్టింది మా అత్తగారు. ఒక ఆదివారం చర్చికి బయల్దేరుతుంటే వాకిట్లో నన్ను ఆపి, గడ్డం పట్టుకుని పైకెత్తి, కింది రెప్ప లాగి చూశారు. కామెర్లు అన్నారు. ఇంకెవరైనా చెప్పి ఉంటే నమ్మేదాన్ని కాదేమో. ఆవిడ పేరు కరుణమ్మ, డెబ్భై దాటాయి. మా పేటలో బాలింతలకి, జ్వరంపడి లేచినవాళ్ళకి, కామెర్ల వాళ్ళకి ఏం పెట్టాలో ఏం పెట్టకూడదో చెప్పేది ఆవిడే. కులం, మతం ఏమీ లేకుండా అందరూ వచ్చి అడుగుతారు.

ద్రాక్షారామం అవతల ఒక ఊళ్ళో కామెర్లకి ఆకు పసరు పోస్తారు, పరగడుపున తీసుకెళ్ళాలి, రేపే పోదాం అన్నారు అత్తగారు. మా ఆయన విజయకుమార్ హైస్కూల్లో సైన్సు మాస్టారు. పసరు లేదు గిసరు లేదు, హాస్పిటల్‌కే అన్నారు. తల్లీకొడుకులు ఆ పూటంతా వాదించుకున్నారు. చివరికి ఆవిడే దిగొచ్చారు.

"సరేరా. మందు మీది, పత్యం నాది. అందులో ఎవరూ వేలు పెట్టకూడదు."

ఆయన సరేనన్నారు. పసరు తప్పిందని ఊపిరి పీల్చుకున్నారు. నేను కూడా గెలిచామనే అనుకున్నాను.

జూన్

రాజమహేంద్రవరంలో లివర్ డాక్టరు గారి దగ్గర కూర్చునే హాలు ఒక వింత చోటు. అక్కడ ఎవరూ ఎవరి ముఖమూ చూడరు, కళ్ళు మాత్రమే చూస్తారు. ఎవరివి ఎంత పచ్చగా ఉన్నాయో అని. కొత్తగా ఎవరొచ్చినా అన్ని తలలూ అటు తిరుగుతాయి. భీమవరం వైపు నుంచి వచ్చిన చేపల చెరువుల రైతు ఒకాయన మా ఆయన పక్కన కూర్చుని, ఎన్నాళ్ళయిందండి మానేసి అని అడిగాడు. పేషెంటు నేను కాదండి, ఆవిడ అని మా ఆయన చూపిస్తే, అయ్యో అన్నాడు. ఆ అయ్యో దేనికో మరి.

నేను నడుం నిలవక ఇబ్బంది పడుతుంటే ఒకావిడ తన భర్త తల కింద ఉన్న దిండు తీసి నా వీపు వెనక పెట్టింది. ఆయన తల తన ఒళ్ళో పెట్టుకుంది. నాది గట్టి ప్రాణమండి, మీరు ఆనుకోండి అంది. ఆయన ఒళ్ళు పసుపు ముద్దలా ఉంది. తర్వాత మమ్మల్ని లోపలికి పిలిచేశారు, బయటికొచ్చేసరికి వాళ్ళు లేరు. దిండు ఆయాకి ఇచ్చి వచ్చాం. వాళ్ళకి అందిందో లేదో తెలియదు.

డాక్టరు గారు మా మేనకోడలి వయసు అమ్మాయి. నెమ్మదిగా, మనిషిని చూస్తూ మాట్లాడుతుంది. నన్ను చేర్చుకుని, పొట్టలో నీరు తీయించి, నోట్లోంచి గొట్టం వేసి చూశారు. ఆ గొట్టం సంగతి రాయను, వేయించుకున్నవాళ్ళకి తెలుసు. నీరు తీశాక మాత్రం, చాలా రోజుల తర్వాత గుండెనిండా గాలి పీల్చుకున్నాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

తర్వాత మా ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పారు. కొవ్వు పేరుకుని, దానికి షుగరు తోడై, ఏళ్ళ తరబడి లివర్ కొంచెం కొంచెం దెబ్బ తింటూ వచ్చిందట. దెబ్బ తగిలిన చోటల్లా మానుతూ గట్టిపడిందట. దాన్నే సిర్రోసిస్ అంటారట. ఆ మాట నేను అంతవరకు తాగుబోతుల విషయంలోనే విన్నాను. నొప్పి లేకుండా ఇంత ఎలా అయిందండి అని అడిగాను. లివర్ ఓర్చుకునే అవయవమండి, చాలావరకు పాడయ్యేదాకా పైకి తెలియనివ్వదు అన్నారు. గట్టిపడింది మళ్ళీ మెత్తబడుతుందని మాటివ్వలేను గానీ, మిగిలింది కాపాడుకుంటే చాలా ఏళ్ళు బతకొచ్చు అన్నారు. ఉప్పు బాగా తగ్గించాలి. పచ్చళ్ళు, అప్పడాలు, ఎండుచేపలు పూర్తిగా మానాలి. అడక్కుండా నొప్పి బిళ్ళలు మింగకూడదు. పసర్లు, కషాయాలు వద్దు. బలమైన తిండి తినాలి.

అత్తగారు ఆ రోజు ఇంటి దగ్గరే ఉన్నారు. మా ఆయన వచ్చి ఇవన్నీ చెప్పారు. ఉప్పు మాట దగ్గర ఆవిడ తల ఊపారు, అది నాకు తెలుసు అన్నారు. బలమైన తిండి అనేసరికి నవ్వారు. కామెర్లకి బలమైన తిండేంట్రా, ఒప్పందం మర్చిపోయావా అన్నారు. మా ఆయన నా వైపు చూశారు. నాకు వాదించే ఓపిక లేదు. చచ్చిపోతానేమోనన్న భయం ఒక్కటే ఉంది. కాకినాడ హాస్టల్లో ఉన్న కూతురికి ఫోన్లో వాపు తగ్గిందని చెప్పి పెట్టేశాను.

జూలై, ఆగస్టు

పథ్యం అంటే ఏంటో మా అత్తగారి దగ్గర చూడాలి. పొద్దున పల్చటి బియ్యం జావ. మధ్యాహ్నం పాత బియ్యం మెత్తగా వండి, వెన్న తీసిన మజ్జిగ. పక్కన నీళ్ళలో ఉడికించిన బీరకాయో పొట్లకాయో. నూనె చుక్క లేదు. కందిపప్పు వేడి, మినప్పప్పు వాతం, గుడ్డు పైత్యం, చేప పేరే ఎత్తకూడదు. పొద్దుగూకకముందే మళ్ళీ జావ, ఆ తర్వాత తెల్లవారి స్నానం, ప్రార్థన అయ్యేదాకా మంచినీళ్ళే. నా జావకి విడిగా గిన్నె, విడిగా గరిటె. వంట మనిషిని కూడా తాకనిచ్చేవారు కాదు. మోకాళ్ళ నొప్పులతో తనే పొయ్యి దగ్గర నిలబడేవారు.

ఇంకో సంగతి. నాకు ఏది పెట్టేవారో ఆవిడా అదే తినేవారు. ఎందుకండి అత్తయ్యగారూ అంటే, నువ్వు చూస్తూ ఉండగా నేను కూర కలుపుకుంటే నీకు ముద్ద దిగుతుందా అనేవారు.

ప్రార్థనకి వచ్చిన చర్చి ఆడవాళ్ళు నన్ను చూసి, వాపు తీసేసింది, పత్యమంటే కరుణమ్మగారే చేయించాలి అని మెచ్చుకుని వెళ్ళేవారు. వాపు తగ్గింది నీళ్ళు పోయే మాత్రలతో. వాపుతోపాటు ఇంకేదో కూడా పోతోందని నాకే మెల్లగా తెలిసింది. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. నీళ్ళున్న మగ్గు ఎత్తితే చెయ్యి వణికేది. కింద కూర్చుంటే గోడ పట్టుకున్నా లేవలేను. రవికలు భుజాల మీంచి జారిపోతుంటే పిన్నులు పెట్టుకునేదాన్ని. ఆకలి మొదట బాగా వేసేది, తర్వాత అదీ పోయింది. నీరసమే కదా, జబ్బు మనిషికి ఉండదా అనుకున్నాం అందరం. నీరసం పెరిగే కొద్దీ అత్తగారు పథ్యం ఇంకా బిగించారు. మజ్జిగలో నీళ్ళు ఇంకాస్త పెరిగాయి.

ఆగస్టు చివర్లో ఒక మధ్యాహ్నం నేను స్నానాల గదిలో కుళాయి ముందు నిలబడి ఉన్నాను. దాన్ని ఎలా తిప్పాలో తెలియడం లేదు. ఎన్నో ఏళ్ళుగా తిప్పుతున్న కుళాయి. చూస్తూ నిలబడ్డాను, అంతే. మా ఆయన వచ్చి పిలిస్తే ఆయన్ని మా తమ్ముడి పేరు పెట్టి పిలిచానట. అది నాకు గుర్తు లేదు. గుర్తున్నదల్లా ఆయన ముఖం. ఇరవై ఏళ్ళ పైన కాపురంలో ఆయన అంత భయపడడం నేను చూడలేదు. ఆ భయం నాకూ అంటుకుంది. ఒళ్ళు పోతే పోయింది, బుర్ర కూడా పోతే ఇక నేనేంటి అనిపించింది.

ఆ సాయంత్రం తల్లీకొడుకులు మళ్ళీ గొడవపడ్డారు. ఆయన గుడ్లు తెచ్చారు. ఆవిడ వాటిని వంటింట్లోకి రానివ్వలేదు. నేను మంచం మీద పడుకుని అన్నీ వింటున్నాను. మీ నాన్న ఎలా పోయారో తెలుసు కదరా, పత్యం తప్పే కదా పోయారు, దీన్ని కూడా పోగొట్టుకుంటావా అని ఆవిడ ఏడ్చారు. మా మామగారు నా పెళ్ళికి చాలా ముందే పోయారు. ఆయనకీ కళ్ళు పచ్చబడి పొట్ట ఉబ్బిందట. ఆ మాట అనేసరికి మా ఆయన వెనక్కి తగ్గారు. గుడ్లు పట్టుకెళ్ళి పక్కింట్లో ఇచ్చేశారు. నాకు ఇద్దరి మీదా కోపం వచ్చింది. నా ప్రాణం మీద వీళ్ళ ఒప్పందమేంటి అని.

సెప్టెంబరు

మర్నాడే వెళ్ళాల్సింది, డాక్టరు గారు ఊళ్ళో లేక కొన్ని రోజులకి వెళ్ళాం. ఈసారి అత్తగారు కూడా వస్తానన్నారు. అంతా ఎంత నిష్ఠగా చేయించారో డాక్టరు గారికి తనే చెప్పుకోవాలని ఆవిడ కోరిక. ఉతికిన తెల్ల చీర కట్టుకుని, బైబిలు సంచిలో పెట్టుకుని బయల్దేరారు.

డాక్టరు గారు నన్ను చూసి చెయ్యి పట్టుకున్నారు. జబ్బ మీద వేళ్ళు వేసి కొలిచినట్టు చూశారు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవమన్నారు. నేను లేవలేకపోయాను. ఏం తింటున్నారండి అని అడిగారు.

అత్తగారు నా బదులు చెప్పారు. జావ దగ్గర్నుంచి మజ్జిగ దాకా, విడి గరిటెతో సహా. ఆవిడ గొంతులో ఎంత గర్వమో. డాక్టరు గారు రాయడం ఆపి, మధ్యలో అడ్డు రాకుండా చివరిదాకా విన్నారు. నాకు నా సంగతి మరిచిపోయి ఆవిడ గురించి దిగులు పట్టుకుంది. ఇప్పుడు ఈ అమ్మాయి ఏమంటుందోనని.

"అమ్మా, ఇంత శ్రద్ధగా ఎవరూ చూడరండి. కానీ ఈ జబ్బుకి ఈ పథ్యం కుదరదు. ఈవిడ తిండి లేక కరిగిపోతున్నారు."

అత్తగారికి అర్థం కాలేదు. డాక్టరు గారు ఓపిగ్గా చెప్పారు. మంచి లివర్ తిన్నదాంట్లో కొంత దాచిపెట్టుకుని, తినని వేళల్లో ఒంటికి అందిస్తుందట. పాడైన లివర్‌కి ఆ దాచుకునే శక్తి ఉండదు. అందుకని వేళకి తిండి పడకపోతే ఒళ్ళు తన కండనే కరిగించుకుంటుంది. కండ పోతే మెదడుకి కూడా చేటు. మా ఆయన చెప్పిన ఆ కుళాయి సంగతి అందులోంచి వచ్చిందే, దానికితోడు మలబద్ధకం అన్నారు. ఉప్పు తగ్గించడం ఒక్కటే ఆవిడ పథ్యంలో సరైనదట. పప్పు, గుడ్డు, పెరుగు, బాగా ఉడికిన చేప రోజూ పడాలి. ఎక్కువసేపు ఖాళీ కడుపుతో ఉండకూడదు. పడుకోబోయే ముందు కూడా ఏదో ఒకటి తినాలి.

"చేపా అండి?" అన్నారు అత్తగారు.

"చేప చాలా మంచిదండి."

ఆవిడ సంచిని ఒళ్ళోకి లాక్కున్నారు. బయట టోకెన్లు పిలుస్తున్నారు. మా ఆయన లేవబోతే, ఉండరా అన్నారు. తర్వాత డాక్టరు గారితో, నన్నూ తన కొడుకునీ చూడకుండా, తన భర్త సంగతి చెప్పారు. ఆయన ముప్ఫై ఏళ్ళ కిందట ఇలాగే పచ్చబడి, ఇలాగే ఉబ్బి, మంచం పట్టారట. నెలల తరబడి ఇదే పథ్యం. చివరి వారంలో చేపల పులుసు కావాలని చిన్నపిల్లాడిలా ఏడ్చారట. చూడలేక శీలావతి చేప తెచ్చి, ఎవరికీ చెప్పకుండా పులుసు వండి, ఒక్క ముక్క పెట్టారట. మూడో రోజు ఆయన పోయారు. పథ్యం తప్పి ఉంటాడు, అందుకే పోయాడని ఊరంతా అంది. ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. మా ఆయనకీ ఆ రోజే తెలిసింది.

"నేను పెట్టిన ముక్క వల్లే కదండి ఆయన పోయారు?" అని అడిగారు.

డాక్టరు గారు కుర్చీ ఆవిడ దగ్గరికి జరుపుకున్నారు. "కాదండి. ఒక్క పూట చేప తిన్నందుకు ఎవరూ చనిపోరు. జబ్బు అప్పటికే ముదిరిపోయి ఉంటుంది. ఆయన అడిగింది మీరు పెట్టారు, మంచి పనే చేశారు."

మా ఆయన తల్లి భుజం మీద చెయ్యి వేశారు. ఆవిడ ఏడవలేదు. చెంగుతో ముఖం తుడుచుకుని, ఈ పిల్లకి పులుసులో ఉప్పు ఎంత వెయ్యమంటారండి అని అడిగారు.

ఇప్పుడు నేను ఎలా ఉన్నానో కూడా ఇక్కడే చెప్పేస్తాను. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేస్తున్నాను. కళ్ళలో పసుపు తగ్గింది, పూర్తిగా పోలేదు. జబ్బు పోలేదు, పోదు. మందులూ, పరీక్షలూ జీవితాంతం ఉంటాయి. షుగరు అదుపులో ఉంది. సాయంత్రాలు బ్యారేజీ వైపు నడుస్తున్నాను. సెక్షన్లో కాజాల పొట్లం నా టేబుల్ దాటుకుని పోతుంది. మా ఆయనా, మా అమ్మాయీ పరీక్ష చేయించుకుంటే ఆయనకీ ఫ్యాటీ లివరేనట. అందరికీ ఉండేదే అని ఈసారి మేం ఊరుకోలేదు, ఆయన కూడా నాతో నడుస్తున్నారు. లివర్ బాగుండాలంటే ఏం చెయ్యాలి మేడం అని అడిగేవాళ్ళకి నాకు తెలిసింది ఇంతే. తాగనంత మాత్రాన మనది బాగుందనుకోకండి. షుగరో, లావో ఉంటే ఒకసారి పరీక్ష చేయించుకోండి. పసర్ల జోలికి పోకండి. ఇంట్లో జబ్బు మనిషి ఉంటే, ఏం మానాలో అడిగినట్టే ఏం తినాలో కూడా డాక్టర్ని అడగండి. వండే మనిషిని వెంట తీసుకెళ్ళి మరీ అడగండి.

ఆ రోజు ఆసుపత్రి నుంచి ముగ్గురం తిరిగొస్తున్నాం. గోదావరి గట్టు పక్కన ఆటో వస్తుంటే, చేపలమ్మే చోట అత్తగారు ఆపించారు. నేను ఆటోలోనే కూర్చున్నాను. ఆవిడ దిగి, చేపల మొప్పలు ఎత్తి చూసి, శీలావతి ఒకటి ఎంచారు. అమ్మే ఆమె దాన్ని బండ మీద పెట్టి, పొలుసు గీసి కోస్తోంది. అత్తగారు ఆటో కమ్మీ పట్టుకుని నిలబడి, ఆ ముక్కలనే చూస్తున్నారు. ఎండగా ఉంది, లోపల కూర్చోండి అత్తయ్యగారూ అన్నాను.

"ఆ రోజు ఇంకో ముక్క వెయ్యమన్నారే సుశీలా ఆయన. గిన్నెలో ఉంది కూడా. వెయ్యలేదు" అన్నారు.